సాగర సంగమం: వంటశాల వైపు నుంచి చూస్తే

పోయిన ఆదివారం మా అమ్మతో కలిసి సాగర సంగమం మళ్లీ చూశాను. ఎన్నోసారో లెక్క లేదు. ఈ సినిమా గురించి ఎవరు మాట్లాడినా కమల్ హాసన్ నాట్యం, ఇళయరాజా పాటలు, వానలో బావి గట్టు మీద తాగి ఆడే సీను, వీటి చుట్టూనే తిరుగుతారు. నేనూ ఇన్నాళ్లూ అంతే. కానీ ఈసారి అమ్మ పక్కన కూర్చుని, ఆవిడ ఎక్కడ కళ్లు పెట్టి చూస్తోందో, ఎక్కడ నిట్టూరుస్తోందో గమనిస్తూ చూశాక, నేను ఇప్పటిదాకా సగం సినిమానే చూశానేమో అనిపించింది. అందుకే కూర్చుని రాస్తున్నాను, కాస్త పొడుగ్గానే ఉంటుంది.

ముందు మా అమ్మ గురించి చెప్పాలి. మా అమ్మ పెళ్లిళ్లకి వంటలు చేసేది. తెనాలి, రేపల్లె, ఆ చుట్టుపక్కల ఊళ్లలో ముప్ఫై ఏళ్లు చేసింది. బడి సెలవు రోజుల్లో నన్నూ వెంట తీసుకెళ్లేది, ఇంట్లో ఒక్కదాన్నీ ఉంచలేక. బియ్యం బస్తాల మీద కూర్చుని ఎక్కాలు చదువుకునేదాన్ని. బయట పందిట్లో సన్నాయి, లోపల మాకు గాడిపొయ్యి పొగ. ఒక్క పెళ్లి కూడా కళ్లారా చూసింది లేదు, అన్నీ చెవులతోనే. గట్టిమేళం వినపడగానే అమ్మ "తాళి కట్టేశారు, పప్పు దించండి" అని కేకేసేది. మంత్రాలు ఆగి పిల్లల గోల పెరిగిందంటే తలంబ్రాలు అయ్యాయన్నమాట, ఇంక విస్తళ్లు వేసెయ్యొచ్చు. అలా ఎన్ని పెళ్లిళ్లు విన్నామో.

ఈ సినిమాలో బాలు తల్లి కూడా వంటలు చేసే మనిషే. ఆ సంగతి నాకు ఎప్పుడూ తెలుసు, కానీ కథలో పేదరికం చూపించడానికి పెట్టిన ఒక వృత్తి అనుకునేదాన్ని, అంతకుమించి ఆలోచించలేదు. అమ్మ మాత్రం డబ్బింగ్ జానకి గారు తెర మీదికి రాగానే ముందుకు వంగి కూర్చుంది. ఆవిడ గరిటె పట్టుకునే తీరు, కొంగుతో మొహం తుడుచుకునే తీరు చూసి "ఈవిడెవరో గానీ పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషేనే" అంది. ఈ మాటని మించిన అవార్డు ఆ నటికి ఎవరైనా ఇచ్చి ఉంటారా అని నాకు అనుమానం.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1983 జూన్ 3న విడుదలైంది. పూర్ణోదయా పతాకం మీద ఏడిద నాగేశ్వరరావు తీశారు, దర్శకత్వం కె. విశ్వనాథ్, మాటలు జంధ్యాల, పాటలు వేటూరి, సంగీతం ఇళయరాజా, కెమెరా పి.ఎస్. నివాస్. బాలకృష్ణ అనే పేద కుర్రాడు, అందరూ బాలు అంటారు, నాట్యం అంటే ప్రాణం. ఎంత విద్య ఉన్నా దాన్ని అమ్ముకోవడం చేతకాదు. మాధవి అనే డబ్బున్నింటి అమ్మాయి అతని విద్య గుర్తించి పెద్ద వేదిక మీద అవకాశం ఇప్పిస్తుంది. అది చేతికి అందీ అందకుండా పోతుంది. ఏళ్లు గడిచాక బాలు తాగుడుకి బానిసై, పత్రికలో నాట్యం మీద విమర్శలు రాస్తుంటాడు. శైలజ అనే అమ్మాయి నాట్యాన్ని కడిగేస్తూ ఒక విమర్శ రాస్తాడు, ఆ అమ్మాయి మాధవి కూతురే. అక్కడి నుంచి పాతదంతా మళ్లీ తిరగదోడుకుంటుంది, చివరికి బాలు ఆ శైలజకే గురువై నాట్యం నేర్పుతాడు. ఇకపై కథంతా చెప్పేస్తాను కాబట్టి చూడనివాళ్లు ఇక్కడ ఆగి, చూసి రండి. రెండున్నర గంటల పైనే ఉంటుంది, ఒక్క బిగిని చూడండి.

ఇప్పుడు ఆ వంటశాల సీను. బయట వేదిక మీద మంజుభార్గవి నాట్యం, "బాల కనకమయ చేల" వినిపిస్తుంటుంది. త్యాగరాజస్వామి అఠాణాలో చేసిన "ఏల నీ దయరాదు" కీర్తనలోది, గాయని ఎస్. జానకమ్మ గొంతు. లోపల వంటశాలలో, గుండిగల మధ్య, ఎవరూ చూడట్లేదనుకుని బాలు అదే కీర్తనకి తనూ ఆడుతుంటాడు. అక్కడ దీపాలూ లేవు, గజ్జెలూ లేవు, పట్టుబట్టలూ లేవు. మాధవి అటు వచ్చి, చూసి, అతనికి తెలియకుండా ఫోటోలు తీస్తుంది. ఇంతకుముందు నేను ఈ సీనుని హీరో హీరోయిన్లు కలిసే సీనుగా చూసేదాన్ని. అమ్మ ఏమందంటే, "వంటశాలలో ఉన్నవాణ్ణి ఫోటో తీసింది చూశావా. ఎవరు తీస్తారే అలా?" అంది.

నిజమే, ఎవరూ తీయరు. ముప్ఫై ఏళ్లలో అమ్మ చేసిన పెళ్లిళ్లు వందల్లో ఉంటాయి. ఆ ఆల్బంలలో ఎక్కడా అమ్మ లేదు. మా దూరపు చుట్టాల పెళ్లి ఆల్బంలో ఒక్కచోట మాత్రం, బంతిలో కూర్చున్న మగపెళ్లివారి వెనక, నేతిగిన్నె పట్టుకున్న చెయ్యి ఒకటి ఉంది. మోచేతి దాకానే. గాజులు చూసి అది తన చెయ్యే అంటుంది అమ్మ.

ఆ మాట విన్న దగ్గర్నుంచి సినిమా నాకు వేరేగా కనపడటం మొదలైంది. ఇందులో ప్రతి ముఖ్యమైన చోటా ఎవరో ఒకరు ఎవరినో చూస్తారు, లేదా చూడలేకపోతారు. కథంతా దాని మీదే నడుస్తుంది. మాధవి కెమెరాతో బాలుని చూసింది. బాలు తన విద్యని లోకం చూడాలని తపించాడు. తల్లి కొడుకుని వేదిక మీద చూడాలనుకుంది, చూడకుండానే పోయింది. తర్వాత బాలు చేసే పని ఏమిటి? విమర్శకుడు, అంటే చూసేవాడు. ఆడవలసినవాడు ప్రేక్షకుల్లో కూర్చుని ఇతరులని చూస్తూ బతికాడు. చివరికి శైలజని చూస్తూ పోయాడు. విశ్వనాథ్ గారు ఇదంతా లెక్కేసుకుని రాశారో లేదో నేను చెప్పలేను, సినిమాలో అయితే ఉంది.

ఆహ్వానపత్రిక సీను గురించి చెప్పకుండా ముందుకి వెళ్లలేను. ఢిల్లీలో జరిగే నాట్యోత్సవం పుస్తకం మాధవి బాలు చేతికిస్తుంది. అతను ఒక్కో పేజీ తిప్పుతూ, అందులో ఉన్న మహామహుల ఫోటోలు చూస్తూ పొంగిపోతుంటాడు. వాళ్లని దూరం నుంచి చూసే అదృష్టం దక్కుతుందన్న సంబరమే అప్పటికి అతనిది. ఇంకో పేజీ తిప్పుతాడు. అందులో తన ఫోటో. అక్కడ కమల్ చేసింది ఎన్నిసార్లు చూసినా నాకు గొంతు పట్టేస్తుంది. నవ్వు మొదలై ఏడుపులోకి జారి మళ్లీ నవ్వులోకి వచ్చి, ఏది ఎక్కడ మొదలైందో తెలియదు. పుస్తకంలో ఉన్నది తనేనా అని ఆ కళ్లు నమ్మవు. అప్పటికి కమల్‌కి 28 ఏళ్లు. ఆ వయసులోనే అదే సినిమాలో ఒళ్లు గుల్లయిపోయిన పెద్దాయనగా కూడా చేశాడు, నడకలో, మెడ వాల్చడంలో, చెయ్యి వణకడంలో ఎక్కడా వేషం వేసుకున్న కుర్రాడు కనపడడు.

ఆ ఉత్సవానికి రెండు రోజుల ముందు తల్లి పోతుంది. అతను ఆ వేదిక ఎక్కడు.

ఇక్కడ అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది, స్టవ్ మీద పాలు పెట్టానంటూ. స్టవ్ మీద ఏమీ లేదు. నేను సినిమా ఆపాను. ఒక అయిదు నిమిషాలకి వచ్చి "పెట్టు" అంది, పెట్టాను. తర్వాత మెల్లగా చెప్పింది. నేను డిగ్రీ పట్టా తీసుకున్న రోజు తనకి వేరే ఊళ్లో పెళ్లి వంట ఉందట, ముందే ఒప్పుకున్న పని, బయానా కూడా తీసుకుంది. ఆ రోజు పొయ్యి దగ్గర నిలబడి ఈ వేళకి ఎక్కి ఉంటుంది, ఈ వేళకి దిగి ఉంటుంది అని లెక్క వేసుకుందట. నాకు ఆ సంగతి ఇంతవరకూ తెలియదు. నేనేమో అమ్మ రాలేదని ఆ సాయంత్రం మొహం ముడుచుకుని కూర్చున్నాను, అది మాత్రం బాగా గుర్తుంది.

ఒక సినిమా నలభై ఏళ్ల తర్వాత కూడా ఇంట్లో ఇలాంటి మాట బయటికి తీసుకొస్తే, దానికి ఎన్ని చుక్కలు ఇవ్వాలో నాకు తెలియదు.

శబ్దం గురించి ఒక మాట. విశ్వనాథ్ గారు దర్శకుడు కాకముందు మద్రాసులో వాహినీ స్టూడియోలో సౌండ్ విభాగంలో పనిచేశారు. ఈసారి హెడ్‌ఫోన్స్ కాకుండా మంచి స్పీకర్ల మీద విన్నాను, ఆ మనిషి చెవి ఎంత గొప్పదో తెలుస్తుంది. ఆయన మా రేపల్లెలోనే పుట్టారు, అందుకని నాకు కొంచెం పక్షపాతం ఉండొచ్చు, ఉన్నా ఫరవాలేదు. వంటశాల సీనులో పాట బయటి నుంచి లోపలికి వస్తోంది, లోపలివాడు దాన్ని విని ఆడుతున్నాడు. మేం గట్టిమేళం విని పప్పు దించినట్టే. వేడుక జరిగేది ఒకచోట, దాని చప్పుడు అందేది ఇంకోచోట. అక్కడ చెమటోడుస్తున్న మనుషులకి కూడా ఆ సంగీతం మీద హక్కు ఉందని ఒక్క మాట కూడా చెప్పకుండా చూపించేశారు.

పాటల్లో నాకు ఎప్పటికీ మొదటిది "నాద వినోదము". అందులో కాళిదాసు రఘువంశంలోని మొదటి శ్లోకం వస్తుంది కదా, చివర "పార్వతీ పరమేశ్వరౌ" అని ఒకసారి పాడి, వెంటనే "పార్వతీప రమేశ్వరౌ" అని విడగొట్టి పాడతారు గాయకుడు ఎస్పీ బాలు గారు. అంటే పార్వతీపతి అయిన శివుడు, రమకి ఈశ్వరుడైన విష్ణువు. ఒక్క అక్షరం అటూ ఇటూ జరిపితే శివపార్వతుల శ్లోకం శివకేశవుల శ్లోకం అయిపోయింది. చిన్నప్పుడు రేడియోలో విన్నప్పుడు ఆయనకి ఊపిరి అందక అలా విరిచారనుకున్నాను. తర్వాత మా తెలుగు మాస్టారు క్లాసులో విడమరిచి చెప్పారు, ఆ రోజు ఇంటికి నడుస్తూ దారంతా అదే పాడుకున్నాను. "మౌనమేలనోయి" గురించి నేను చెప్పేదేం లేదు, అందరికీ తెలుసు.

ఇంక పత్రికాఫీసు సీను. తన నాట్యాన్ని విమర్శించినందుకు శైలజ వాళ్లు వచ్చి నిలదీస్తారు. రాయడం తేలికే, చేసి చూపించు అన్నట్టు. బాలు బల్లల మధ్య, ప్యాంటు చొక్కా మీదే, పంచభూతాల చరణానికి అభినయం ఎలా ఉండాలో చేసి చూపిస్తాడు. ఒక సంప్రదాయంలో ఇలా, ఇంకో సంప్రదాయంలో ఇలా అని ఒకదాని తర్వాత ఒకటి. తాగుడుతో చితికిన ఒళ్లు, అయినా ఆడేటప్పుడు ఆ ఒళ్లు నిటారుగా నిలబడిపోతుంది, ఆపగానే మళ్లీ కుంగుతుంది. ఆ తేడా చూడండి. కమల్ నటుడిగా నిలదొక్కుకోకముందు డాన్స్ మాస్టర్ దగ్గర అసిస్టెంట్‌గా చేసినవాడు, ఆ కష్టం ఇక్కడ పనికొచ్చింది. నేను సమీక్షలు రాసేటప్పుడల్లా ఈ సీను గుర్తొస్తుంది. ఎదుటివాళ్ల పని బాగాలేదని రాసేముందు, ఎందుకు బాగాలేదో నాకు నిజంగా తెలుసా అని.

నచ్చనివి కూడా చెప్పాలి, లేకపోతే ఇది సమీక్ష కాదు.

మాధవి పెళ్లయిన మనిషి అని, భర్త నుంచి విడిగా ఉంటోందని బాలుకి తెలుస్తుంది. ఆ భర్త తిరిగొచ్చి, మీరిద్దరూ ఒకటవ్వండి అంటాడు. బాలు త్యాగం చేసి, ఆ భార్యాభర్తలని కలుపుతాడు. చిన్నప్పుడు ఇది చూసి బాలు ఎంత గొప్పవాడో అని ఏడ్చాను. ఇప్పుడు చూస్తే ఒళ్లు మండింది. ఇద్దరు మగవాళ్లు నిలబడి ఒక ఆడమనిషి ఎవరితో బతకాలో తేలుస్తున్నారు, ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ ఉదారంగానే మాట్లాడతారు, అడగవలసిన మనిషిని మాత్రం కథ గట్టిగా అడగదు. మాధవిగా జయప్రద కళ్లతోనే అంత చేసింది కాబట్టి ఆ లోటు కొంత కప్పుకుపోయింది. ఆవిడ స్థానంలో ఇంకెవరున్నా ఈ ఘట్టం నిలబడేది కాదని నా అభిప్రాయం. 1983లో అలాగే తీస్తారులే అని సర్దుకోవచ్చు, నేను సర్దుకోదల్చుకోలేదు.

బొట్టు సీను విషయంలో మాత్రం నా మనసు రెండు వైపులా లాగుతుంది. భర్త పోయిన సంగతి బాలుకి తెలియకూడదని మాధవి బొట్టు పెట్టుకుని అతని ముందుకి వస్తుంది. వానలో బావి గట్టు మీద తాగి ఆడుతున్నవాణ్ణి ఆపాలి. ఆ వానకి ఆమె నుదుటి బొట్టు కరిగిపోతుంటే బాలు గబుక్కున చెయ్యి అడ్డం పెడతాడు. తను పడిపోతానేమో అన్న ధ్యాస లేదు, ఆ బొట్టు చెరిగిపోకూడదన్నదే ధ్యాస. సినిమాగా చూస్తే ఇంత అందమైన షాట్ తెలుగులో అరుదు. కానీ అందులో ఉన్న నమ్మకం, భర్త పోతే నుదురు ఖాళీగా ఉండాలన్నది, నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. మా నాన్న పోయి పదకొండేళ్లు. అమ్మ బొట్టు మానలేదు. దానివల్ల కొన్ని ఇళ్లలో శుభకార్యం వంటకి పిలవడం మానేశారు, కొందరు మొహం మీదే అన్నారు. నేను ఈ సీను వచ్చేసరికి టెన్షన్ పడ్డాను, అమ్మ ఏమంటుందోనని. ఏమీ అనలేదు. చూస్తూ చూస్తూ తన నుదుటి మీద వేలితో ఒకసారి తడుముకుంది. అంతే. నేను ఏమీ అడగలేదు.

రఘు గురించి. శరత్‌బాబు ఈ సినిమాలో చేసిన స్నేహితుడి పాత్ర నాకు ఏళ్లు గడిచేకొద్దీ పెద్దదవుతోంది. తాగొచ్చినవాణ్ణి మోసుకెళ్లడం, ఇంట్లో పెట్టుకోవడం, తిట్టడం, మళ్లీ అన్నం పెట్టడం. కళాకారుడి పక్కన ఇలాంటి మనిషి ఒకడు ఉంటాడు, ఏ సన్మానసభలోనూ వాడికి శాలువా కప్పరు. తల్లి పోయాక బాలుకి కుటుంబం అంటే రఘు ఇల్లే. రక్తసంబంధం లేదు, చుట్టరికం లేదు, వీణ్ణి వదిలెయ్యి అని లోకం వంద కారణాలు చూపించినా వదలలేదు. చివర్లో వేదిక మీద శైలజ ఆడుతుండగా చక్రాల కుర్చీలోనే బాలు ప్రాణం పోతే, ఆట ఆగకుండా, ఎవరికీ తెలియకుండా అతన్ని తీసుకుపోయేది కూడా రఘూనే. మాధవి కళ్లతోనే చెబుతుంది, అతను తీసుకుపోతాడు. ఏడవడానికి కూడా టైం తీసుకోడు.

ఆ చివరి పాట "వేదం అణువణువున నాదం". హంసానందిలో ఇళయరాజా చేసిన ఈ పాటకి బాలసుబ్రహ్మణ్యం గారికి జాతీయ అవార్డు వచ్చింది, ఈ సినిమా సంగీతానికి ఇళయరాజాకీ వచ్చింది. అవార్డుల సంగతి అందరికీ తెలుసు గానీ నాకు ఈ పాటలో ఇష్టమైన విషయం వేరే. తెర మీద గురువుకీ శిష్యురాలికీ వినిపించే గొంతులు నిజజీవితంలో అన్నాచెల్లెళ్లవి. బాలు గారు, ఎస్పీ శైలజ. శిష్యురాలిగా ఆడుతున్నదీ ఆ శైలజే. పాటల మనిషి, నాట్యం నేర్చుకుని ఇంత పెద్ద సినిమాలో కమల్ ఎదుట నిలబడింది. కొన్ని చోట్ల నటన బిగుసుకుపోయింది, అది నిజం, ముఖ్యంగా తల్లితో గొడవపడే సీన్లలో. చివరి నాట్యంలో మాత్రం ఆ బిగువు వదిలిపోయి మొహం వెలిగిపోతుంది. బహుశా ఆ పాత్రకి కూడా అదే కావాలి.

ఆ పాట వస్తుండగా మా అమ్మ అడిగింది, "తన కూతురు కాదు కదే, ఇంత ఎందుకు నేర్పాడు?" అని. నేను ఏదో చెప్పబోయాను, తనే చెప్పింది. రేపల్లె దగ్గర ఒక అమ్మాయికి తను వంట నేర్పిందట, బూరెల పాకం, పులిహోర పోపు, వెయ్యి మందికి ఉప్పు ఎలా అంచనా కట్టాలి, అన్నీ. ఆ అమ్మాయి ఇప్పుడు సొంతంగా కేటరింగ్ పెట్టుకుంది, పాతికమంది పనిచేస్తారు. "నేను రాసిపెట్టుకోలేదుగా, దాని చేతుల్లో ఉంది" అంది అమ్మ. నాకు వంట రాదు, నేర్చుకోలేదు. ఆ మాటలో నా మీద నిష్టూరం ఏమీ లేదు. అయినా కాసేపు అమ్మ వైపు చూడలేకపోయాను.

రంగమార్తాండతో పోల్చాలని చాలామందికి అనిపిస్తుంది, నాకూ అనిపించింది. 2023 మార్చి 22న, ఉగాదికి వచ్చింది, కృష్ణవంశీ తీశారు, మరాఠీ నటసామ్రాట్‌కి తెలుగు రూపం. అదీ కళాకారుడి కథే, దానికీ ఇళయరాజాయే సంగీతం, దాదాపు నలభై ఏళ్ల తేడాతో. ప్రకాశ్‌రాజ్ బాగా చేశారు, బ్రహ్మానందం గారిని అలాంటి పాత్రలో చూసి హాల్లో అందరూ నిశ్శబ్దం అయిపోయారు. కానీ అందులో ఆస్తి పంచేశాక పిల్లలు తండ్రిని ఎలా చూశారన్నది ముందుకి వచ్చి, రంగస్థలం వెనక్కి జరిగిందని నా అసంతృప్తి. సాగర సంగమంలో బాలుని పిల్లలు మోసం చెయ్యలేదు, దుర్మార్గుడు ఎవడూ లేడు. అందరూ మంచివాళ్లే ఉండి కూడా ఒక మనిషి జీవితం చేజారిపోయింది. అది తియ్యడం చాలా కష్టం.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఎక్కడ చూస్తున్నారో జాగ్రత్త. నేను మొదట ఒకచోట పెట్టాను, పేరు ఎందుకులెండి, ఇప్పటి వెడల్పు టీవీలకి సరిపోవాలని బొమ్మని పైనా కిందా కోసేశారు. నాట్యం సినిమాకి పాదాలు లేవు! కమల్ కాళ్లు మోకాళ్ల దగ్గర ఆగిపోయాయి, పైన చేతులు ముద్ర పట్టే చోట తెగిపోయాయి. రంగులు కూడా ఎంత గాఢంగా పెంచారంటే వాన సీనులో బొట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి. పావుగంటకే ఆపేసి, పక్కల నల్లటి పట్టీలతో ఉన్న పాత కాపీ వెతికి పెట్టాను. గీతలు ఉన్నాయి, బొమ్మ కాస్త వెలిసింది, కానీ మనుషులు తల నుంచి కాళ్ల దాకా ఉన్నారు. ఇంత విలువైన సినిమాకి పూర్తి ఫ్రేముతో శుభ్రం చేసిన కాపీ తియ్యాలని ఎవరికైనా అనిపిస్తే బాగుండు. బాలుకి ఫోటోలు తీసే పిల్లాడి సీను ఉంది కదా, అది చేసిన చక్రి తోలేటి తర్వాత పెద్దయ్యి కమల్‌తోనే ఈనాడు అనే సినిమా తీశాడు. ఆ సీనులో అందరం నవ్వుకుంటాం. మన సినిమాలని మనమే ఇలా కోసి చూపించుకుంటుంటే మాత్రం నవ్వు రాదు.

ఈ సినిమా తీసినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. జంధ్యాల 2001లో పోయారు, వేటూరి 2010 మే 22న, ఏడిద నాగేశ్వరరావు 2015లో, బాలు గారు 2020 సెప్టెంబర్ 25న. విశ్వనాథ్ గారు 2023 ఫిబ్రవరి 2న, అంటే శంకరాభరణం విడుదలైన తేదీనే. అదే ఏడాది మే 22న శరత్‌బాబు, వేటూరి పోయిన తేదీనే. టైటిల్స్‌లో ఒక్కో పేరు వస్తుంటే అమ్మ "ఈయన ఉన్నాడా?" అని అడుగుతూ వచ్చింది, నేను "లేరు", "లేరు" అంటూ వచ్చాను. నాలుగో పేరుకి అడగడం మానేసింది.

ఎవరు చూడాలంటే, ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నవాళ్లు వాళ్లతో కలిసి చూడండి. ఫోన్లు పక్కన పెట్టండి. మధ్యలో సినిమా షూటింగుల మీద వేసిన హాస్యం కొంచెం పాతబడింది, అక్కడ ఎవరైనా లేచి టీ పెట్టుకొస్తే నష్టం లేదు. ఆహ్వానపత్రిక దగ్గర మాత్రం లేవకండి. పక్కన కూర్చున్నవాళ్లు ఏదైనా చెప్పడం మొదలుపెడితే సినిమా ఆపేసి వినండి, సినిమా ఎక్కడికీ పోదు.

మర్నాడు పొద్దున్న అమ్మ మా ఇంటి చిన్న స్టవ్ దగ్గర నిలబడి గోంగూర మగ్గబెడుతోంది. కూకట్‌పల్లి ఫ్లాట్, కిటికీలోంచి ఎండ ఆవిరి మీద పడుతోంది. ఫోన్ తీసి చప్పుడు కాకుండా ఫోటో తీశాను. ఎలా తెలిసిందో తెలిసిపోయింది, వెనక్కి తిరక్కుండానే "ఏదీ, చూపించు" అంది. చూపించాను. కళ్లజోడు పైకి జరుపుకుని చాలాసేపు చూసింది.

"పొయ్యి పడలేదేమే ఇందులో? మళ్లీ తియ్యి" అంది.